బోధన్ కాలువలో సముద్రపు గడ్డి

నోరు జారిన చోటు

"బోధన్‌లో చూడ్డానికి ఏముందే?" అని మా అక్క అడిగింది. క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్తున్నానని చెప్పడానికి మొహం చెల్లక, "గడ్డి చూడ్డానికి" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

నేను కాకినాడలో బోటనీ పాఠాలు చెప్తాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో సగం సెలవులు సముద్రంలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి సముద్రపు గడ్డి ఏరుకోవడంతోనే గడిచిపోయాయి. సముద్రపు గడ్డి అంటే చాలామంది నాచు అనుకుంటారు. నాచుకు వేరు లేదు, పువ్వు లేదు. దీనికి రెండూ ఉన్నాయి. ఇసుక కింద దుంపలాంటి కాండం పాకుతుంది, నీళ్లలోనే పూస్తుంది, కాస్తుంది. పేరుకు గడ్డే గానీ వరికీ చెరుకుకీ చుట్టం కాదు. మన చెరువుల్లో, కాలువల్లో పెరిగే కొన్ని నీటి మొక్కలకు దగ్గర బంధువు. ఆ బంధుత్వమే నా కొంప ముంచింది.

జనవరిలో మా బోటనీ టీచర్ల వాట్సాప్ గ్రూపులో బోధన్ నుంచి ఒక ప్రిన్సిపల్ గారు ఫొటో పెట్టారు. ఆవిడది లెక్కల సబ్జెక్టు, సలహా అడగడానికే గ్రూపులో చేరారు. కాలేజీలో పాతకాలపు మొక్కల కాగితాలు మూడు బీరువాల నిండా ఉన్నాయట. మొక్కను నొక్కి, ఎండబెట్టి, అట్టలాంటి కాగితం మీద అతికించి, మూలన పేరూ ఊరూ రాసిన చీటీ అంటించి దాచినవి. గది కావాలి, ఇవి పనికొస్తాయా, తీసెయ్యమంటారా అని ఆవిడ పాపం మర్యాదగానే అడిగారు.

ఫొటోలో ఉన్నది మడతలు పెట్టిన పొడవాటి పట్టీ ఆకులు, స్ప్రింగులా మెలితిరిగిన ఒక కాడ. చీటీ మీద 'వాలిస్నేరియా, బోధన్ కాలువ' అని ఉంది. నాకు చూడగానే తెలిసిపోయింది. అది కాలువల్లో పెరిగే వాలిస్నేరియా కాదు, ఎన్‌హాలస్ అనే సముద్రపు గడ్డి. వెంటనే వేళ్లు ఊరుకోలేదు. "బోధన్‌కి సముద్రం ఎప్పుడొచ్చిందండీ? ఈ మాస్టారు కాలువకి అని బయల్దేరి కలలోకి వెళ్లినట్టున్నారు" అని రాశాను. గ్రూపంతా పడీ పడీ నవ్వింది. నేనూ నా తెలివికి మురిసిపోయి కాఫీ తాగాను.

వారం తర్వాత ఒక ఫోను వచ్చింది. ముసలి గొంతు.

"మేడం, నా పేరు గంగారాం. బోధన్ కాలేజీల ల్యాబ్ అటెండర్ చేసి రిటైర్ అయిన. మీ నంబరు ప్రిన్సిపల్ మేడం ఇచ్చింది. మీరు నవ్విన గడ్డి లేదా, దాన్ని కాయితం మీద అతికిచ్చింది నేనే. గా చీటీ రాసిన మా సారు చచ్చిపోయి పదేండ్లాయె. గా ఒక్క కాయితం తప్పయితే అన్ని తప్పేనని మొత్తం పాత పేపర్లోనికి ఏస్తరంట, వచ్చే శనివారం. మీరు జర వచ్చి సూస్తరా? తప్పు సార్ది కాదని నా మనసు అంటున్నది."

నేను అన్న మాట గ్రూపులోనే ఉండిపోయిందనుకున్నాను. అది ఒక మనిషి బతుకంతా చేసిన పని మీద పడింది. మర్నాడే టికెట్టు తీశాను.

ఇందల్వాయి: అరగంట

హైదరాబాద్ నుంచి నిజామాబాద్ బస్సు ఇందల్వాయి దగ్గరకొచ్చేసరికి టైరు పంక్చరైంది. అందరం రోడ్డు పక్కన దిగాం. అక్కడ ఒక ఆవిడ మక్క కంకులు కాలుస్తోంది. మా వైపు మొక్కజొన్న పొత్తు అంటాం. ఇరవై రూపాయలకి ఒకటి తీసుకుని ఉప్పూ కారం రాయించుకున్నాను. మావైపు నిమ్మచెక్క తగలాల్సిందే. అడిగితే ఆవిడ నన్ను వింతగా చూసి, తన టిఫిన్ డబ్బాలోంచి ఒక నిమ్మముక్క తీసి ఇచ్చింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

"ఏడికెళ్లి వస్తున్నవక్కా?"

"కాకినాడ నుంచి. బోధన్ వెళ్తున్నాను, కాలువలో ఒక మొక్క చూడాలి."

"నాచు కోసం గంత దూరంకెళ్లి వస్తున్నవా?" అని ఆవిడ పక్కన పళ్లమ్మే ఆవిడకి కూడా చెప్పింది. ఇద్దరూ కాసేపు నా గురించే మాట్లాడుకున్నారు. ఏమన్నారో సరిగా వినబడలేదు గానీ, నవ్వు మాత్రం బాగా వినబడింది. నవ్వులపాలవడం నా వంతయింది, సరిపోయింది అనుకున్నాను.

నిజామాబాద్: విరిచి చూసినవాడు

ఫిబ్రవరిలో నిజామాబాద్‌కి పసుపు వస్తుంది. రాత్రి లాడ్జిలో పడుకుని పొద్దున్నే బస్టాండు వైపు నడుస్తుంటే బండ్ల మీద బస్తాలు, గాలిలో పచ్చి ఘాటు. తుమ్ములు ఆగలేదు. ఒక చిన్న హోటల్లో కూర్చుంటే జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టారు. పుంటికూర అంటే మా గోంగూరే. గోంగూర పేరు మీద మేము చేసే ఆర్భాటం అంతా ఇంతా కాదు, ఇక్కడ వాళ్లు ఏ గొడవా లేకుండా అంత రుచీ తెస్తున్నారు. ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది.

నా బల్ల మీదే వేల్పూర్ రైతు ఒకాయన తింటున్నాడు. పసుపు అమ్మడానికి వచ్చాడట. తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి, జేబులోంచి ఒక పసుపు కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరిచాడు. సంతోషంగా తల ఊపాడు.

"ఏం వినిపించిందండి?" అన్నాను ఆగలేక.

"ఎండింది అక్కా. పచ్చిదైతే మెత్తగ వంగుతది, చప్పుడు రాదు. ఇగో, మీరు ఇనుండ్రి." ఇంకొకటి విరిచి నా చెవి దగ్గర పెట్టాడు. గాజు పగిలినట్టు సన్నటి చప్పుడు. లోపల నారింజ రంగు నిగనిగలాడుతోంది.

"చూస్తే తెలియదా?"

"పైకెళ్లి సూస్తే అన్ని ఒక్క తీరే ఉంటయి. ఫొటో సూసి పసుపు కొంటరా ఎవలన్న?"

ఆయనకి నా సంగతి తెలియదు. నేను మాత్రం రొట్టె మీదే చూపు పెట్టి తిన్నాను.

బోధన్, గురువారం

బస్సులో ముప్పావు గంట. రోడ్డుకి రెండు పక్కలా ఎక్కువగా వరి మళ్లే. మధ్యమధ్య చెరుకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఈ దారంతా చెరుకు బండ్లే ఉండేవని పక్కసీటు పెద్దాయన చెప్పాడు. ఇప్పుడు ఉన్న కొంచెం చెరుకూ ట్రాక్టర్లెక్కి వేరే ఊళ్లకు పోతోంది.

గంగారాం బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఎండా లేదు, వానా లేదు. "గుర్తు పడ్తరని తెచ్చిన" అన్నారు. డెబ్బై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, గుండీలు మెడ దాకా. నేను "గంగారాం గారూ" అంటే ఆయన చుట్టూ చూశారు. "గారు అనకుండ్రి మేడం. బస్టాండంత నన్నే సూస్తుండ్రు."

ముందు ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్య సాయవ్వ నన్ను కూర్చోబెట్టి, బియ్యప్పిండి రొట్టెలాంటి సర్వపిండి పెట్టి, నేను రెండోది వద్దంటే మూడోది కూడా వేసింది. "తిను బిడ్డా. మాట అన్నవంటే అన్నవు, వచ్చినవు గద" అంది. నా సంగతి ఆవిడకీ తెలుసన్నమాట. మంచినీళ్లు తాగి, "తప్పు మాట అన్నానమ్మా" అని అక్కడే చెప్పేశాను. ఇంట్లో సాధన చేసుకొచ్చిన క్షమాపణ ఇంకా బాగుండేది.

కాలేజీలో ప్రిన్సిపల్ గారు మంచి మనిషే. ఇరుకైన భవనం, పిల్లలు ఎక్కువ. "నాకు మొక్కలు తెలియవు మేడం. మీలాంటి వాళ్లే నవ్వితే, వీటి మీద నమ్మకం ఎట్ల పెట్టుకోను?" అన్నారు. శనివారం పదకొండుకి పాత పేపర్ల అతను వస్తాడు. అప్పటికి నేను ఏదో ఒకటి తేల్చాలి.

గది తలుపు తీయగానే పసుపు వాసన. మా ల్యాబులో పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తాం. ఇక్కడ గంగారాం ప్రతి కట్టలోనూ పసుపు కొమ్ము, వేపాకు పెట్టారు. రిటైరయ్యాక కూడా వారానికోసారి వచ్చి దులిపి వెళ్తారట, ఎవరూ అడక్కుండానే. గది ఖాళీ చేసే తొందరలో ఎవరో కట్టలన్నీ విప్పి గోడవారగా పేర్చేశారు.

ఆ కాగితం బల్ల మీద పెట్టి భూతద్దం తీశాను. ఆకు వేలంత వెడల్పు, మందం, అంచు లోపలికి మడిచి కుట్టినట్టు గట్టిగా ఉంది. అంతవరకూ ఎన్‌హాలసే. కాండం దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఎన్‌హాలస్‌కి అసలు గుర్తు అక్కడే ఉంటుంది. పాత ఆకులు కుళ్లిపోయాక వాటి అంచులు మాత్రం నల్లటి పోగుల్లా, చీపురు పుల్లల్లా కాండం చుట్టూ మిగిలిపోతాయి. ఇంకే సముద్రపు గడ్డికీ అంత దట్టంగా ఉండవు. ఈ కాండం మీద ఒక్క పోగు లేదు. నున్నగా, చెక్కు తీసినట్టు ఉంది.

నేనే తప్పు చెప్పానా? అందరి ముందూ నవ్వి, నేనే తప్పా?

"గంగారాం గారూ, దీనికి నల్లటి వెంట్రుకల్లాంటివి ఉండాలి."

ఆయన తల దించుకున్నారు. "ఉండె మేడం. నేనే గీకేసిన."

"గీకేశారా?"

"మా నాయిన చెరుకు కొట్టేటోడు. నేను గూడ చిన్నప్పటికెళ్లి గదే పని. చెరుకు కొడితే ఆకు దూసి, ఏర్లు గీకి, సాఫ్ జేసి ఇయ్యాలె. చెత్త ఉంటే ఫ్యాక్టరోళ్లు తిట్టేటోళ్లు. సారు టూరుకెళ్లి తెచ్చిన గడ్డికి నల్లగ చెత్త అంటుకోని ఉండె. సారు ఖుషీ అయితడని కత్తి తీస్కోని మంచిగ సాఫ్ జేసిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక జాతి మొక్కకి ఉన్న అసలు ఆనవాలుని, చెరుకు గడకి చేసినంత శ్రద్ధగా చెక్కేశారు.

"సారేమన్నారు?"

"మస్తు తిట్టిండు. అప్పుడే చెప్పిండు, మొక్కకెళ్లి రాలిన దుమ్ము గూడ మొక్కేరా అని. గీకింది మొత్తం ఏరి, కాయితం సంచి జేసి అండ్ల పెట్టిన. సంచి కాయితానికే అతికిచ్చిన, నాకు యాదికున్నది."

ఈ కాగితం మీద సంచి లేదు.

కాలువ, శుక్రవారం

పొద్దున ముందు కాలువకి వెళ్దామన్నాను. చీటీలో రాసిన వాలిస్నేరియా అసలు అక్కడ ఉందో లేదో చూడాలి. నిజాంసాగర్ నీళ్లు వచ్చే కాలువ, నిండుగా పారుతోంది. గట్టున బట్టలుతికే ఆడవాళ్లు మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుకుంటున్నారు. నేను నీటి అంచున వంగగానే కాలు జారింది. నన్ను గంగారాం పట్టుకున్నారు గానీ, నా ఎడమకాలి చెప్పుని కాలువ పట్టుకుపోయింది. గట్టు మీద ఒకావిడ కొంచెం దూరం దాని వెంట పరుగెత్తి, ఇంక లాభం లేదని చేతులు ఊపింది.

ఒంటి చెప్పుతోనే చూశాను. పిల్ల కాలువ మలుపులో, నీళ్లు నెమ్మదించే చోట, ఆకుపచ్చ రిబ్బన్లు వరసగా ఊగుతున్నాయి. ఒకటి లాగి గంగారాం చేతిలో పెట్టాను. పల్చటి ఆకు, వెనక వేలు పెడితే వేలు కనిపిస్తుంది. అంచు మీద గోరు నడిపితే చిన్న చిన్న రంపపు పళ్లు తగులుతాయి. మొదలు దగ్గర తెల్లటి దారాల్లాంటి తీగలు. నల్ల పోగుల ఊసే లేదు.

"గీ దారం ఏంది మేడం, సుట్టుకున్నది?"

చెప్పాను. ఆడపువ్వు సన్నటి కాడ మీద నీటి పైకి వస్తుంది. మగపువ్వులు అడుగున తెగి, తేలి, పైకొచ్చి దాన్ని కలుస్తాయి. కలిశాక ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను మళ్లీ నీటి అడుక్కి లాక్కుంటుంది. సముద్రంలో ఎన్‌హాలస్ కూడా అచ్చం అలాగే చేస్తుంది. ఒకే కుటుంబం, ఒకరు ఉప్పునీటికి కాపురం వెళ్లారు, ఒకరు మంచినీళ్లలో ఉండిపోయారు.

"అక్కచెల్లెండ్లన్నట్టు" అన్నారు గంగారాం. చుట్ట తిరిగిన ఆ కాడని లాగి వదిలి, మళ్లీ లాగి చూశారు. ఇంటికొచ్చాక సాయవ్వ తన చెప్పులు నాకిచ్చింది. ఒక సైజు పెద్దవి. కాకినాడ దాకా వాటితోనే వచ్చాను.

మధ్యాహ్నం నుంచి ఆ సంచి కోసం, గోడవారగా పేర్చిన కాగితాలు చూడడం మొదలుపెట్టాం. ఒక్కో కాగితం ఆయన ఎత్తి చూపిస్తారు, నేను చదువుతాను, పక్కన పెడతారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. కానీ ప్రతి మొక్కా ఏ ఊరి నుంచి, ఏ కాలంలో వచ్చిందో చెప్తున్నారు. నవీపేట్ దగ్గర గోదావరి ఒడ్డున తెచ్చింది, ఇది సారు పాముని చూసి ఉరికిన రోజు తెచ్చింది అని. చీటీతో సరిపోల్చుకుంటూ వచ్చాను. ఒక్కటి కూడా తప్పలేదు. వచ్చినప్పటి నా సిగ్గు అక్కడ ఇంకా పెరిగింది.

ఎండ తగ్గే వేళకి ఆయన ఒక కాగితం ఎత్తి, అలాగే ఆగిపోయారు. చీటీ మీద సారు చేతిరాత: 'ఎన్‌హాలస్ అకొరాయిడిస్, రామేశ్వరం, సముద్రపు ఒడ్డు'. చీటీ పక్కన చిన్న కాగితపు సంచి. కాగితం మీద ఉన్న మొక్క మాత్రం పల్చటి రిబ్బను ఆకులు, తెల్లటి దారాలు. పొద్దున కాలువలో చూసిందే.

సంచి మూత నేను విప్పలేదు, ఆయన్నే విప్పమన్నాను. లోపల నల్లటి పోగులు, గుర్రపు వెంట్రుకల్లా గట్టిగా, గుప్పెడు.

అర్థమైపోయింది. చీటీ, సంచి సరైన చోటే ఉన్నాయి. రెండు మొక్కలే తారుమారయ్యాయి. సారు రాసిన రెండు చీటీల్లోనూ తప్పు లేదు.

గంగారాం స్టూలు మీద కూర్చున్నారు. "గా దినం సారుకు కండ్ల ఆపరేషన్, ఇంట్లనే ఉన్నడు. నన్నే అతికియ్యమన్నడు. కరెంటు లేకుండె. చీటీలు, సంచి ముందుగాలనే కాయితాలకు అతికిచ్చి, మొక్కలు వాటి మీద వరసగ పరిసిన. గంతల కరెంటు వచ్చింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది, మొక్కలు రెండు లేసి కింద పడ్డయి. నల్ల పోగులు నేనే గీకేస్తిని, రెంటికీ సుట్ట తిరిగిన కాడనే. ఏది ఏడిదో అందాజగ పెట్టి అతికిచ్చిన. సారుకు చెప్పలే. కొట్టేటోడు గాదు సారు. నన్ను నమ్మి ఇచ్చిండు గద, గందుకే చెప్పలే."

"ఇన్నేళ్లు మనసులోనే పెట్టుకున్నారా?"

"ఒకపాలి మంచిగనే పెట్టిన అనిపించు, ఒకపాలి అనిపియ్యకపోవు." కండువాతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నవ్వారు. "అయితే తప్పు నాదే అన్నట్టు మేడం. సార్ది కాదు." పరీక్ష పాసైన వాడిలా ఉంది ఆ ముఖం. తప్పు తనదని తేలినందుకు అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు. నాకూ కళ్లు నిండాయి, దాచుకోలేదు.

శనివారం, పదకొండు లోపు

రెండు కాగితాలూ, కాలువ నుంచి తెచ్చిన తడి మొక్కా ప్రిన్సిపల్ గారి బల్ల మీద పెట్టాను. రంపపు పళ్ల మీద ఆవిడ గోరే నడిపించాను. సంచిలో పోగులు చూపించాను. లెక్కల మనిషి కదా, రెండు నిమిషాల్లో పట్టేశారు. "అంటే మిగతావి తప్పని కాదు, ఈ రెండూ ఒకదాని చోట ఒకటి ఉన్నాయంతే" అన్నారు. గంగారాం ఎంత దులిపినా ఒక బీరువా కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి, అది పోతుంది. రెండు ల్యాబులో ఉంచుతామన్నారు. పాత పేపర్ల అతనికి పాత జవాబు పత్రాలు దొరికాయి, అతనేమీ నొచ్చుకోలేదు.

అక్కడే కూర్చుని గ్రూపులో రాశాను: "ఆ మాస్టారు రాసింది సరైనదే. ఫొటో చూసి నవ్వడం నా తప్పు. మన్నించండి." ఈసారి నవ్వు బొమ్మలు రాలేదు.

ఇలాంటి కాగితాల మీద పాత చీటీని ఎప్పుడూ పీకకూడదు. తప్పు తేలితే, పక్కన కొత్త చీటీ అంటించాలి, ఎవరు తేల్చారో రాయాలి. ప్రిన్సిపల్ గారు, గంగారాం చూస్తుండగా రాసి, పైకి చదివాను: "ఈ మొక్క ఎన్‌హాలస్ అకొరాయిడిస్, రామేశ్వరం నుంచి వచ్చినది. అతికించేటప్పుడు వాలిస్నేరియాతో తారుమారైంది. ఆధారం: కాండం నుంచి వేరైన నల్లటి పోగులు. వాటిని దాచినవారు గంగారాం."

గంగారాం ఒప్పుకోలేదు. "తారుమారైంది అంటే? ఎవలు జేసిండ్రు? గాలి జేసిందా? నా పేరు రాయుండ్రి."

"పేరు రాశాను కదండీ, పోగులు దాచారని."

"గది సరే. తప్పు కాడ గూడ రాయుండ్రి. రేపు ఇంకెవలన్న సారునే అంటరు."

కొట్టేసి మళ్లీ రాశాను. తారుమారు చేసింది గంగారాం, ఆనవాలు దాచింది గంగారాం. రెండో కాగితానికీ ఒక చీటీ రాశాను. ఆ రెండు బీరువాల్లో ఆయన చేత్తో అతికించని కాగితం లేదు, ఆయన పేరున్న కాగితమూ అంతవరకూ లేదు. తన పేరు ఎక్కడుందో చూపించమని, రెండు చోట్లా వేలు పెట్టి చూసుకున్నారు.

నేను చీటీకి జిగురు రాయబోతే ఆయన సీసా నా చేతిలోంచి తీసుకున్నారు. కాగితాలు రెండూ బల్ల మీద ఎదురెదురుగా సర్దారు, చీటీలు పక్కన పెట్టారు. చొక్కా చేతులు మడిచారు. తర్వాత తలెత్తి పైకి చూశారు.

"మేడం, ముందుగాల గా ఫ్యాన్ బంద్ జెయ్యుండ్రి."

నేను లేచి వెళ్లి స్విచ్ కట్టేశాను. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఆయన చీటీల మీద అరచెయ్యి పెట్టుకునే కూర్చున్నారు.